పక్క గదిలోని ఫైలు ఎందుకు రావటం లేదు?

పిల్లలూ! ఒంగోలుకు పడమరగా ఉన్న చీమకుర్తి పేరు వినగానే మీకు ఏమి గుర్తుకు వస్తుంది? నల్లని రాతి మీద బంగారు రజను చల్లినట్లుండే "బ్లాక్ గెలాక్సీ" రాయి గుర్తుకు వస్తుంది గదా! దేశదేశాలకు వెళ్ళే ఆ రాయిని క్వారీలో తీసేది పెద్ద పెద్ద యంత్రాలు. కాని దాని కొలతలు వేసేదీ, బిల్లు తయారుచేసేదీ ఈ రోజుల్లో కంప్యూటరే.

అటువంటి పని జరిగే ఒక ఇంటిని ఊహించుకోండి. ఆ ఇల్లు మీదే అనుకోండి. మీ నాన్నగారు ఒక పాలిషింగ్ యూనిట్‌కు లెక్కలు రాస్తారు. ముందు గదిలో ఆయన కంప్యూటరు ఉంది. ఏ స్లాబు ఎన్ని చదరపు అడుగులు, ఏది ఏ లారీలో వెళ్ళాలి అన్న వివరాలన్నీ అందులో "కొలతలు" అనే ఫోల్డరులో ఉన్నాయి. వెనుక గదిలో మీ అక్క ల్యాప్‌టాప్ ఉంది. సాయంత్రం 6 గంటలకు లారీ బయలుదేరాలి. ఆ లోపల అక్క కొలతలను ఒకసారి సరిచూసి బిల్లు తయారుచెయ్యాలి. కాని ఆమె ల్యాప్‌టాప్‌కు ముందు గదిలోని కంప్యూటరు కనపడటమే లేదు!

"పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవచ్చు గదా!" అంటారా? తెచ్చుకోవచ్చు. కాని అప్పుడు ఒకే లెక్కకు రెండు ప్రతులు తయారవుతాయి. అక్క ఫైలు తెచ్చుకున్న పది నిమిషాలకు నాన్నగారు తన ప్రతిలో మూడు స్లాబులు చేర్చారనుకోండి. అక్క ప్రతిలో అవి ఉండవు. బిల్లులోకి రాకుండానే మూడు స్లాబులు లారీ ఎక్కి పోతాయి! ఫైలు ఒక్కచోటే ఉండి, ఇద్దరూ దాన్నే చూడగలిగితే ఈ పొరపాటు జరగదు. కంప్యూటర్ల మధ్య ఫైళ్ళను పంచుకునే ఏర్పాటు పుట్టింది ఇందుకే.

మరి ఈ ఏర్పాటు పనిచెయ్యనప్పుడు లోపం ఎక్కడ ఉందో కనుక్కోవటం ఎలా? ఈ నెల పాఠం అదే.

ఆరు వాకిళ్ళు

ఒక కంప్యూటరులోని ఫైలు మరొక కంప్యూటరుకు చేరాలంటే వరుసగా ఆరు వాకిళ్ళు దాటాలి. మొదటిది దారి, అంటే తీగ గాని వైఫై గాని. రెండవది చిరునామా. మూడవది పలుకు, అంటే పిలిస్తే జవాబు రావటం. నాలుగవది పేరు. అయిదవది కాపలా. ఆరవది తాళం. వీటిలో ఏ ఒక్కటి మూసుకున్నా మనకు తెర మీద కనపడే ఫలితం మాత్రం ఒక్కటే: ఫైలు రాదు!

చిక్కు ఇక్కడే ఉంది. ఫలితం ఒక్కటే కాబట్టి కారణం కూడా ఒక్కటే అనుకుని, చేతికి దొరికిన మీటలన్నీ నొక్కేస్తారు కొందరు. అలా నొక్కితే ఒక లోపం పోయి రెండు కొత్త లోపాలు వస్తాయి. కాబట్టి కింది మెట్టు నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్క మెట్టే పరీక్షిస్తూ పైకి రావాలి. ఒకసారికి ఒక్క మార్పే చెయ్యాలి. చేసిన మార్పును కాగితం మీద రాసుకోవాలి. ఇదే అసలు సూత్రం సుమా!

మొదటి వాకిలి: దారి

నెట్‌వర్కు తీగను గుచ్చేచోట చిన్న దీపం ఉంటుంది. అది వెలగటం లేదంటే తీగలోనో, గుచ్చేచోటో లోపం ఉన్నట్లే. ఆ తీగ లోపల సన్నని రాగి తీగలు 8 ఉంటాయి. వాటిని రెండేసి చొప్పున మెలివేసి 4 జతలుగా చేస్తారు. సెకనుకు 100 మెగాబిట్ల వేగానికి 2 జతలు చాలు. 1000 మెగాబిట్ల వేగానికి నాలుగు జతలూ కావాలి. అందువల్ల ఒక జత తెగినా కొన్నిసార్లు దీపం వెలుగుతూనే ఉంటుంది, కాని వేగం పదోవంతుకు పడిపోతుంది. "వస్తోంది గాని నత్తనడక" అన్న ఫిర్యాదుకు ఇది ఒక కారణం.

రాతిపొడి ఎగిరే ఊళ్ళో ఇంకొక సంగతి కూడా చూడాలి. తీగ కొనమీద, గుచ్చే రంధ్రంలో దుమ్ము పేరుకుంటే రాగికి రాగి సరిగా తగలదు. ముందు కరెంటు ఆపి, తీగ తీసి, పొడి కుంచెతో తుడిచి మళ్ళీ టక్కుమని శబ్దం వచ్చేవరకు గుచ్చాలి. తడిగుడ్డ వాడరాదు.

వైఫై అయితే, రెండు పరికరాలూ ఒకే వైఫై పేరుకు కలిశాయా అని చూడాలి. కొన్ని రౌటర్లలో చుట్టాల కోసం వేరే "గెస్ట్" వైఫై ఉంటుంది. దానికి కలిసిన పరికరాలకు ఇంటర్నెట్ వస్తుంది గాని, ఇంట్లోని ఇతర కంప్యూటర్లు కనపడవు. చుట్టాన్ని వరండాలో కూర్చోబెట్టి మర్యాద చేసినట్లన్నమాట!

రెండవ వాకిలి: చిరునామా

మన దేశంలో పిన్‌కోడ్ పద్ధతి 1972 ఆగస్టు 15న మొదలైంది. ప్రకాశం జిల్లాలోని ఊళ్ళ పిన్‌కోడ్‌లు చాలావరకు 523తో మొదలవుతాయి. మొదటి మూడు అంకెలు చూడగానే ఉత్తరం ఏ ప్రాంతానిదో తపాలావారికి తెలిసిపోతుంది. కంప్యూటర్లకు కూడా ఇటువంటి చిరునామా ఉంటుంది. దాన్ని ఐపి చిరునామా అంటారు. ఉదాహరణకు 192.168.1.10 ఒక చిరునామా. ఇళ్ళలోని సాధారణ ఏర్పాటులో మొదటి మూడు సంఖ్యలు వీధి వంటివి. చివరి సంఖ్య ఇంటి నంబరు వంటిది. రెండు కంప్యూటర్ల చిరునామాలలో మొదటి మూడు సంఖ్యలూ ఒకటే అయితే అవి ఒకే వీధిలో ఉన్నట్లు.

192.168తో మొదలయ్యే చిరునామాలను ఇళ్ళలో, ఆఫీసులలో లోపలి వాడకానికని ప్రత్యేకించారు. ఈ ఏర్పాటు ఇప్పుడున్న రూపంలో 1996లో స్థిరపడింది. అందుకే చీమకుర్తిలోని ఒక ఇంట్లో ఉన్న 192.168.1.10 చిరునామా చికాగోలోని మరొక ఇంట్లో కూడా ఉండవచ్చు. రెండింటికీ తగువు లేదు.

ఈ చిరునామాలను పంచిపెట్టే పని రౌటరుది. కంప్యూటరు అడుగుతుంది, రౌటరు ఇస్తుంది. ఎంత అడిగినా ఎవరూ ఇవ్వకపోతే విండోస్ కంప్యూటరు తనంతట తానే 169.254తో మొదలయ్యే చిరునామా ఒకటి పెట్టుకుంటుంది. ఆ సంఖ్య కనపడిందంటే "నాకు రౌటరు అందలేదు" అని కంప్యూటరు చెబుతున్నట్లే. అప్పుడు మళ్ళీ మొదటి వాకిలికి వెళ్ళి తీగ చూసుకోవాలి.

చిరునామా తెలుసుకోవటం సులభం. విండోస్‌లో "కమాండ్ ప్రాంప్ట్" తెరిచి "ఐపికాన్‌ఫిగ్" అనే మాటను ఇంగ్లీషు అక్షరాలలో కొట్టండి. "ఐపివి4 అడ్రస్" అన్న వరుసలో ఉండే సంఖ్యే మీ కంప్యూటరు చిరునామా.

ఇక మన కథలోకి వద్దాం. అక్క ల్యాప్‌టాప్ చిరునామా 192.168.1.7. ముందు గదిలోని కంప్యూటరు చిరునామా 192.168.0.10. గమనించారా? మూడవ సంఖ్య ఒకచోట 1, ఇంకొకచోట 0! రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయి, కాని వీధులు వేరు. ఇది ఎలా జరిగింది?

ఇంట్లోకి ఫైబర్ తీగ వచ్చే పెట్టె నడవాలో ఉంది. అదీ ఒక రౌటరే. ముందు గదిలో వైఫై సరిగా అందటం లేదని నాన్నగారు ఇంకొక రౌటరు కొని, నడవాలోని పెట్టె నుంచి దానికి తీగ లాగారు. ముందు గదిలోని కంప్యూటరును దానికి కలిపారు. ఆ తీగను కొత్త రౌటరులో "వ్యాన్" అని రాసి ఉన్న రంధ్రంలో గుచ్చారు. దానితో కొత్త రౌటరు తన వెనుక ఇంకొక వీధి కట్టింది. ఆ వీధిలోనివారు బయటకు పోవచ్చు గాని, బయటివారు తమంత తాము లోపలికి రాలేరు. ముందు గదిలోని కంప్యూటరు అక్క ల్యాప్‌టాప్‌ను పిలవగలదు. అక్క ల్యాప్‌టాప్ దాన్ని పిలవలేదు. రెండు చోట్లా ఇంటర్నెట్ వస్తూనే ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఇళ్ళలో రెండవ రౌటరు పెట్టుకున్నప్పుడు తరచుగా వచ్చే చిక్కు ఇది.

దీనికి మందు ఏమిటి? చాలా రౌటర్లలో "యాక్సెస్ పాయింట్" అనే పద్ధతి ఉంటుంది. రెండవ రౌటరును ఆ పద్ధతికి మారిస్తే అది చిరునామాలు పంచటం మానేసి, ఉన్న వీధినే కొంచెం పొడిగిస్తుంది. ఆ పద్ధతి లేకపోతే ముందుగా ఆ రౌటరులో చిరునామాలు పంచే "డిహెచ్‌సిపి"ని ఆపి, తర్వాత తీగను "వ్యాన్" రంధ్రం నుంచి తీసి "ల్యాన్" రంధ్రంలో గుచ్చాలి. కంప్యూటరును ఒకసారి ఆపి మళ్ళీ పెట్టగానే దానికి 192.168.1.12 అనే చిరునామా వచ్చింది. ఇప్పుడు రెండూ ఒకే వీధి!

మూడవ వాకిలి: పలుకు

చీకట్లో మనిషి ఉన్నాడో లేడో తెలియాలంటే ఏమి చేస్తాం? "ఎవరక్కడ?" అని కేక వేస్తాం. కంప్యూటర్ల మధ్య ఆ కేక పేరు "పింగ్". 1983 డిసెంబరులో అమెరికాలో మైక్ మ్యూస్ అనే ఆయన ఈ చిన్న ప్రోగ్రాం రాశాడు. సముద్రంలో జలాంతర్గాములను కనిపెట్టే సోనార్ పరికరం చేసే శబ్దాన్ని బట్టి దానికి ఆ పేరు పెట్టాడు.

"పింగ్" అని ఇంగ్లీషులో కొట్టి, ఒక ఖాళీ వదిలి, అవతలి కంప్యూటరు చిరునామా కొట్టండి. విండోస్ నాలుగు కేకలు వేస్తుంది. జవాబు వస్తే దారి, చిరునామా రెండూ సరిగా ఉన్నట్లే. ఇక కింది మెట్ల జోలికి పోనక్కరలేదు.

జవాబు రాకపోతే? తొందరపడకండి. మౌనం కూడా రెండు రకాలు. ఒకే వీధిలో ఉన్న కంప్యూటరును పిలిచినప్పుడు "డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్" అని వస్తే, ఆ ఇంటి నంబరులో ఎవరూ దొరకలేదని అర్థం. "రిక్వెస్ట్ టైమ్‌డ్ అవుట్" అని వస్తే, చాలాసార్లు మనిషి ఇంట్లోనే ఉన్నాడు గాని పలకటం లేదని అర్థం. మొదటిది తీగనో చిరునామానో అనుమానించమంటుంది. రెండవది కాపలావాడిని అనుమానించమంటుంది.

అక్క 192.168.1.12ను పిలిచింది. "రిక్వెస్ట్ టైమ్‌డ్ అవుట్" అని నాలుగుసార్లు వచ్చింది. చూశారా! ఇంకా ఫైలు రాలేదు, కాని మనం మాత్రం ముందుకే పోతున్నాం. రెండు వాకిళ్ళు దాటాం. మూడవ వాకిట్లో వినపడిన మౌనం అయిదవ వాకిలి వైపు వేలు చూపిస్తోంది.

నాలుగవ వాకిలి: పేరు

చీమకుర్తి రాయిని వ్యాపారంలో గ్రానైట్ అంటారు. భూగర్భ శాస్త్రవేత్తలు మాత్రం అది గాబ్రో జాతి శిల అంటారు. అందులో మెరిసే బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజానివి. పిలిచే పేరు ఒకటి, శాస్త్రం గుర్తించే పేరు ఇంకొకటి. రెంటికీ పొంతన తెలిసినవాడు ఉంటేనే మాట కుదురుతుంది.

కంప్యూటర్లలోనూ ఇంతే. మనం "ముందుగది" అని పేరు పెడతాం. యంత్రానికి కావలసింది 192.168.1.12. పేరును చిరునామాగా మార్చే ఏర్పాటు ఎక్కడైనా చెడితే, కంప్యూటరు ఉండికూడా జాబితాలో కనపడదు. దీన్ని పరీక్షించటానికి చక్కని ఉపాయం ఉంది. ఫైల్ ఎక్స్‌ప్లోరరు పైభాగాన ఉండే గడిలో వెనుకకు వాలిన గీతలు రెండు పెట్టి, పేరుకు బదులు చిరునామాను కొట్టండి. చిరునామాతో తెరుచుకుని పేరుతో తెరుచుకోకపోతే, లోపం పేరు దగ్గరే ఉందని తేలిపోతుంది. "జాబితాలో కనపడటం లేదు" అన్న మాటకు "అది అక్కడ లేదు" అని అర్థం కాదు. ఈ తేడా గుర్తుంచుకోండి.

అయిదవ వాకిలి: కాపలా

ప్రతి కంప్యూటరులోనూ ఫైర్‌వాల్ అనే కాపలా ప్రోగ్రాం ఉంటుంది. లోపలికి వచ్చే ప్రతి పిలుపునూ అది నిలేసి, "నీకు ఏ పని?" అని అడుగుతుంది. ఆ పనులకు నంబర్లు ఉంటాయి. విండోస్‌లో ఫైళ్ళు పంచుకునే పని నంబరు 445. ఆ పనికి వాడే భాష పేరు ఎస్ఎంబి. దీనికి 1980లలో ఐబిఎం సంస్థలో బ్యారీ ఫైగెన్‌బామ్ ప్రాణం పోశాడు. తర్వాత ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిజెల్ 1991లో "సాంబా" అనే ప్రోగ్రాంకు శ్రీకారం చుట్టాడు. ఈనాడు లినక్స్ కంప్యూటర్లు విండోస్ కంప్యూటర్లతో ఫైళ్ళు పంచుకుంటున్నాయంటే దాని చలవే. పేరు చూసి మన సాంబయ్య అనుకునేరు! ఎస్, ఎం, బి అక్షరాలు వరుసగా ఉన్న మాట కోసం వెతుకుతుండగా ఆయనకు దొరికిన పేరు అది.

విండోస్ ప్రతి నెట్‌వర్కునూ "పబ్లిక్" అనో, "ప్రైవేట్" అనో గుర్తు పెట్టుకుంటుంది. బస్టాండులో దొరికే వైఫై పబ్లిక్. మీ ఇల్లు ప్రైవేట్. పబ్లిక్ అని ఉన్నప్పుడు కాపలా గట్టిగా ఉంటుంది. మామూలుగా పక్క కంప్యూటర్ల పిలుపులకు పలకనివ్వదు. తీగ మార్చినందువల్ల ముందు గదిలోని కంప్యూటరు "ఇదేదో కొత్తచోటు" అనుకుని పబ్లిక్ గుర్తు పెట్టుకుంది. సెట్టింగ్స్‌లో దాన్ని ప్రైవేట్‌గా మార్చి, ప్రైవేట్‌కు మాత్రమే "ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్" తెరిచారు. అక్క మళ్ళీ పిలిచింది. నాలుగు జవాబులూ వచ్చాయి!

ఆరవ వాకిలి: తాళం

ఇప్పుడు ల్యాప్‌టాప్ తెర మీద పేరు, పాస్‌వర్డు అడిగే చిన్న గడి వచ్చింది. అక్క నాన్నగారి కంప్యూటరు తెరవటానికి రోజూ కొట్టే నాలుగు అంకెలు కొట్టింది. కుదరలేదు. మళ్ళీ కొట్టింది. మళ్ళీ కుదరలేదు. ఎందువల్ల?

ఆ నాలుగు అంకెలు పాస్‌వర్డు కాదు, "పిన్". అది ఆ కంప్యూటరు ముందు కూర్చున్న మనిషికి మాత్రమే పనికివస్తుంది. నెట్‌వర్కు మీదుగా వచ్చేవారు అసలు పాస్‌వర్డే చెప్పాలి. అలాగే పాస్‌వర్డు లేకుండా ఖాళీగా వదిలిన ఖాతాతో నెట్‌వర్కు మీదుగా లోపలికి రావటానికి విండోస్ మామూలుగా ఒప్పుకోదు.

తాళం తీసిన తర్వాత కూడా అనుమతి అనేది ఒకటి ఉంటుంది. ఫోల్డరును పంచుకునేటప్పుడు ఒక అనుమతి ఇస్తాం. డిస్కు మీద ఆ ఫోల్డరుకు ఇంకొక అనుమతి ఉంటుంది. రెండింటిలో ఏది ఎక్కువ కట్టుదిట్టమో అదే చెల్లుతుంది. ఒకచోట "రాయవచ్చు" అనీ, ఇంకొకచోట "చదవవచ్చు" అనీ ఉంటే చదవటమే మిగులుతుంది. అక్కకు కావలసింది సరిచూడటమే కాబట్టి చదివే అనుమతి చాలు. పొరపాటున తుడిచేసే భయం కూడా ఉండదు.

అసలు పాస్‌వర్డు కొట్టగానే "కొలతలు" ఫోల్డరు తెరుచుకుంది. నాన్నగారు అప్పుడే చేర్చిన మూడు స్లాబులూ అందులో ఉన్నాయి. లారీ ఇంకా వాకిట్లోనే ఉంది.

తలుపులన్నీ బార్లా తెరిస్తే?

"ఇంత శ్రమ ఎందుకు? ఫైర్‌వాల్ తీసేసి, డిస్కు మొత్తం అందరికీ తెరిచిపెడితే పోయేది గదా!" అని సలహా ఇచ్చేవారు ఉంటారు. నిజమే, అలా చేస్తే ఒక్కొక్కసారి ఫైలు వచ్చేస్తుంది. కాని ఫైలుతోపాటు ఇంకేమి వస్తుందో చూడండి.

2017 మే 12న "వాన్నాక్రై" అనే హానికర ప్రోగ్రాం ప్రపంచం మీద పడింది. పాత తరం ఎస్ఎంబిలోని ఒక లోపాన్ని పట్టుకుని, 445 వాకిలి గుండా కంప్యూటరు నుంచి కంప్యూటరుకు తనంతట తానే పాకింది. ఫైళ్ళన్నిటికీ రహస్య తాళం వేసి, తీయటానికి డబ్బు అడిగింది. 150 దేశాలలో 2 లక్షలకు పైగా కంప్యూటర్లు దీని బారిన పడ్డాయి. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగులను వెనక్కు పంపవలసి వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా చిక్కుకున్నాయి. విచారించవలసిన సంగతి ఏమిటంటే, ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, 2017 మార్చి 14న, విడుదల చేసింది. దాన్ని వేసుకున్నవారు ఈ దాడినుంచి తప్పించుకున్నారు.

ఆ తర్వాత వచ్చిన విండోస్‌లలో ఆ పాత తరం ఎస్ఎంబిని క్రమంగా తొలగించారు. ఎస్ఎంబిలో ఆ పాత తరం మాత్రమే తెలిసిన విండోస్ ఎక్స్‌పి యంత్రం మీ ఇంట్లో ఉంటే, కొత్త ల్యాప్‌టాప్ దానితో మాట్లాడకపోవటానికి కారణం ఇదే. అది లోపం కాదు, జాగ్రత్త. దాన్ని వెనక్కు తిప్పకండి. ఆ యంత్రంలోని ఫైళ్ళను కొత్తదానిలోకి మార్చుకోవటమే మేలు.

కాబట్టి డిస్కు మొత్తం కాదు, కావలసిన ఒక్క ఫోల్డరే పంచుకోండి. అందరికీ కాదు, కావలసిన వ్యక్తికే ఇవ్వండి. కాపలావాడిని పంపెయ్యకండి, అతనికి మన మనిషిని చూపించండి. ముఖ్యమైన ఫైళ్ళకు ఇంకొక ప్రతి తీసి, కంప్యూటరుకు తగిలించని డిస్కులో దాచండి.

మీరే చేసి చూడండి

ఇంట్లోగాని బడిలోగాని రెండు కంప్యూటర్లు ఉంటే, పెద్దల అనుమతి తీసుకుని వాటి చిరునామాలు కాగితం మీద రాయండి. రెండింటి వీధి ఒకటేనా? ఒకదాని నుంచి ఇంకొకదాన్ని పింగ్ చెయ్యండి. తర్వాత తీగ తీసేసి మళ్ళీ పింగ్ చెయ్యండి. వచ్చే మాటలు మారతాయి. ఆ మార్పును రాసుకోండి. లోపం లేనప్పుడు ఎలా ఉంటుందో తెలిసినవాడికే లోపం వచ్చినప్పుడు తేడా తెలుస్తుంది.

ఇప్పుడు ఈ ప్రశ్నలకు జవాబులు ఆలోచించండి.

1. ఒక కంప్యూటరు చిరునామా 192.168.1.10. రెండవదాని చిరునామా 169.254.20.7. ఏ వాకిలి దగ్గర ఆగారు?

2. చిరునామా కొడితే ఫోల్డరు తెరుచుకుంటోంది. పేరు కొడితే తెరుచుకోవటం లేదు. ఫైర్‌వాల్‌ను అనుమానించాలా?

3. సెకనుకు 100 మెగాబిట్లు పోయే తీగలో 4 గిగాబైట్ల ఫైలు పంపటానికి కనీసం ఎంతసేపు పడుతుంది? (1 బైటుకు 8 బిట్లు. 1 గిగాబైటును 1000 మెగాబైట్లుగా తీసుకోండి.)

జవాబులు: 1. రెండవ వాకిలి. రెండవ కంప్యూటరుకు రౌటరు నుంచి చిరునామా రాలేదు. ముందుగా దాని తీగ చూడాలి. 2. అక్కరలేదు. చిరునామాతో తెరుచుకున్నదంటే కాపలా, తాళం దాటినట్లే. లోపం పేరు దగ్గర ఉంది. 3. 4000 మెగాబైట్లు అంటే 32,000 మెగాబిట్లు. 100తో భాగిస్తే 320 సెకన్లు, అంటే 5 నిమిషాల 20 సెకన్లు. నిజంగా పంపేటప్పుడు ఇంకొంచెం ఎక్కువే పడుతుంది.